ఎడమ కాలు ఉస్తాద్‌ది

గుట్ట దిగిన రెండో రోజు పొద్దున కుర్చీలో కూర్చోవడానికి నాకు పద్నాలుగు పట్టింది. పద్నాలుగు నిమిషాలు కాదు, పద్నాలుగు అంకెలు. మోకాళ్ళు వంచడం మొదలుపెట్టగానే ఒకటి అనాలి, ఒళ్ళు పూర్తిగా కుర్చీకి ఆనగానే ఆపాలి. ఈ కొలత మా అవ్వ కనిపెట్టింది. మామూలు రోజుల్లో నా లెక్క మూడు దాటదు. మదనపల్లెలో మా కాలనీ నడక బృందంవాళ్ళు, 'సార్, మీరూ రండి, గాలి బాగుంటుంది' అని పిలిస్తే వెళ్ళాను. గాలి బాగానే ఉంది. గుట్ట దిగాక బ్యాంకులో పనిచేసే ఒకాయన మమ్మల్నందరినీ వరసగా నిలబెట్టి, సెల్‌ఫోన్‌లో బొమ్మలు చూసుకుంటూ కాళ్ళు సాగదీయించాడు. ఇలా సాగదీస్తే రేపు నొప్పులు రావని హామీ కూడా ఇచ్చాడు. ఆ హామీ నేను చాలా ఏళ్ళ కిందట ఇంకొకరి నోట విన్నాను. అయినా అందరికన్నా పద్ధతిగా, ఒక్కో కాలికీ ముప్ఫై లెక్కపెట్టి మరీ సాగదీశాను.

కుప్పంలో ఫిజియోథెరపీ చదువుతున్న మా మనవరాలు లాస్య సెలవులకు ఇంట్లోనే ఉంది. నేను ఒక చేత్తో గోడ పట్టుకుని, రెండో చేత్తో మడమను పిరుదు దాకా లాక్కునే ప్రయత్నంలో ఉండగా కాఫీ తీసుకుని వచ్చింది.

"ఏం చేస్తాండావు తాతా?"

"కనపడతాండ్లే? కాలు సాగదీస్తాండాను. నొప్పి తగ్గేదానికి."

"దానికీ దీనికీ పెద్ద సంబంధం లేదు తాతా. వ్యాయామం అయినాక సాగదీసినా, తీయకపోయినా మరుసటి రోజు నొప్పి ఇంచుమించు ఒకటే. అలవాటు లేని పని చేస్తే కండ లోపల సన్నగా దెబ్బ తింటాది. అది మానేదానికి రెండు మూడు రోజులు పడతాది. నువ్వు గోడ పట్టుకోని నిలబడితే మానదు. మా మేడం క్లాసులో చెప్పింది, పరీక్షలో గూడా అడిగినారు."

"ఈ సంగతి నాకు ఇరవై నాలుగేండ్లప్పుడే తెలుసు" అన్నాను. పిల్ల నవ్వింది. పెద్దవాళ్ళు అన్నీ తమకు ముందే తెలుసంటారు కదా అన్న నవ్వు అది. నేను కాఫీ తాగేసి, కుర్చీలోంచి తొమ్మిది లెక్కకు లేచి, డైరీల పెట్టె తెరిచాను.

నా ఇరవై నాలుగో ఏటి డైరీకి ఇప్పటికీ చింతపండు వాసన వస్తుంది. పుంగనూరులో సంత మైదానం వెనక మా అవ్వ ఇంట్లో చింతపండు వాసన పట్టని వస్తువు లేదు. మా అమ్మా నాయనా బైరెడ్డిపల్లె దగ్గర చేలల్లో కూలికి పోతూ, చదువుకోసమని నన్ను అవ్వ దగ్గర వదిలిపెట్టారు. అవ్వ రోజంతా వసారాలో కూర్చుని మండీవాళ్ళ చింతకాయలు కొట్టి గింజలు తీసేది. ఆమె చేయి ఆగేది కాదు, కన్ను ఆగేది కాదు, నోరు అసలు ఆగేది కాదు. పొద్దున రాగి సంగటి, చెనిగ్గింజల చట్నీ. మధ్యాహ్నం సంగటి, ఆకుకూర. రాత్రి మళ్ళీ సంగటి. నేను ఏ పూట ఎన్ని ముద్దలు తిన్నానో, వాన ఎంతసేపు కురిసిందో, పలమనేరు బస్సు ఎంత ఆలస్యంగా వచ్చిందో రాత్రి పడుకునేముందు డైరీలో రాసేవాణ్ణి. "సచ్చినాక యముడికి సూపిస్తావా దాన్ని?" అని అవ్వ అడిగేది.

ఆ రోజుల్లో నా ముందున్న పని ఒక్కటే. అటవీ శాఖలో గార్డు ఉద్యోగానికి రాతపరీక్షలో గట్టెక్కాను. ఇక నడక పరీక్ష మిగిలింది. పదహారు మైళ్ళు నాలుగు గంటల్లో నడవాలి. వయసు హద్దు ప్రకారం నాకు అదే ఆఖరి అవకాశం. మా వంశంలో అప్పటిదాకా నెల జీతం తీసుకున్నవాళ్ళు లేరు. నడవడం మాకు కొత్త కాదు గాని గడియారం పెట్టుకుని ఎవరూ నడవలేదు. అందుకని కాళ్ళు గట్టిపడాలని దస్తగిరి సాబ్ తాలీంలో చేరాను. తాలీం అంటే ఎర్రమట్టి పోసిన కుస్తీ గోదా, చుట్టూ నాలుగు గోడలు, పైన రేకులు. దస్తగిరి సాబ్ పగలు పరుపులు కుట్టేవారు, తెల్లవారుజామున మమ్మల్ని కుట్టేవారు. మనిషి బండరాయిలా ఉండేవారు గాని కనుబొమల మీద ఎప్పుడూ దూది అతుక్కుని ఉండేది. దానివల్ల ఆయన ఎంత కోపంగా చూసినా సగమే కోపంగా కనిపించేది.

దండీలూ బస్కీలూ అయ్యాక అరగంట కాళ్ళూ చేతులూ సాగదీయించేవారు. దాన్ని ఆయన 'లాగుడు' అనేవారు. మిగతా తాలీంలలో లేని విద్య అది, వాళ్ళ నాయన దగ్గరనుంచి వచ్చింది. సరిగ్గా లాగుడు చేసినవాడికి మరునాడు నొప్పి రాదని ఆయన సిద్ధాంతం. సిద్ధాంతం అంతవరకు మంచిదే. చిక్కంతా మరునాడు పొద్దున ఆయన వేసే ప్రశ్న దగ్గర వచ్చేది. ఒక్కొక్కరి ముందూ నిలబడి, "నొప్పి ఉండాదా?" అని అడిగేవారు. ఉందన్నవాడు నిన్న లాగుడు సరిగ్గా చేయలేదన్నమాట. వాడు అందరూ చూస్తుండగా మొదటినుంచి రెండుసార్లు చేయాలి. కాబట్టి పాతిక మంది శిష్యుల్లో ఇరవై నాలుగు మంది "లేదు ఉస్తాద్" అనేవాళ్ళు. ఆ మాట చెప్పి బయటికి వచ్చి, గోడ మలుపు తిరిగాక, తొడలు పట్టుకుని కాళ్ళు ఎడంగా వేసుకుంటూ బజారుకు పోయేవాళ్ళు. కొత్తగా ఊరికి వచ్చినవాళ్ళు చూస్తే పుంగనూరులో మగవాళ్ళందరికీ ఒకటే జబ్బు అనుకునేవాళ్ళు. ఆ ఇరవై ఐదో వాణ్ణి నేను. నాకు ఉన్నది ఉన్నట్టు రాయడం అలవాటు కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పడం కూడా వచ్చేసింది. "ఉంది ఉస్తాద్. నిన్న తొమ్మిది, ఈ పొద్దు పదకొండు" అనేవాణ్ణి. ఆ విధంగా తాలీం మొత్తంలో అందరికన్నా ఎక్కువ సాగినవాణ్ణి నేనే.

ఆ తొమ్మిదీ పదకొండూ ఎక్కడివంటే అవ్వవి. నేను తాలీంనుంచి వచ్చి సంగటి ముందు కూర్చోబోతే, నేను కిందికి దిగే తీరు చూసి అవ్వ చింతకాయలు కొడుతూనే అంకెలు పెట్టేది. "ఒగటి, రెండు, మూడు... దిగు నాయనా, ఏమీ తొందర లేదు... ఏడు, ఎనిమిది... సంగటి సల్లారి సద్ది అవతాది గానీ నువ్వు దిగు." మొదట ఎగతాళికి మొదలుపెట్టింది. నేను దాన్ని డైరీలో ఎక్కించడం చూసి తరువాత నుంచి గంభీరంగా, అన్యాయం లేకుండా లెక్కపెట్టడం మొదలుపెట్టింది. వసారా ముందు మూడు బండల మెట్లుండేవి. ఒక్కో కాలి మీద బరువు వేసి వాటిని దిగేటప్పుడు కూడా ఆమే లెక్క. ఆ మెట్ల మీదే నేను ఇంకొకటి కూడా కనిపెట్టాను. తొడలు పట్టుకుపోయినప్పుడు ముందుకు దిగితే ప్రాణం పోతుంది, వెనక్కి తిరిగి దిగితే సగం నొప్పి కూడా ఉండదు. అదీ రాసిపెట్టుకున్నాను.

ఇంతలో పరీక్షకు కుప్పం రమ్మని కార్డు వచ్చింది. ఇంకా రెండు రోజులుందనగా, సైకిల్ షాపులో పనిచేసే మా చలపతి నా సంచిలోంచి డైరీ లాగి, లాగుడు చేస్తున్నవాళ్ళకు వినోదంగా ఉంటుందని గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. వాన గురించి చదివాడు, బస్సు గురించి చదివాడు, అందరూ నవ్వారు. ఆ ఊపులో తరువాతి పేజీ తిప్పాడు. "చలపతి ఈ రోజు లాగుడు సగంలో ఎగ్గొట్టాడు. నొప్పి లేదని చెప్పాడు. తరువాత సైకిల్ ఎక్కలేక నడిపించుకుంటూ పోయాడు" అని చదివేశాక గాని వాడికి తాను ఏం చదివాడో తెలియలేదు. నోరు తనంతట తనే కింది వాక్యానికి పోయింది. "నేను లాగుడు రెండుసార్లు చేశాను. నొప్పి పన్నెండు. లాగుడుకూ నొప్పికీ సంబంధం కనిపించడం లేదు."

ఉస్తాద్‌కు ఉర్దూ చదవడం వచ్చు, తెలుగు రాదు. "మళ్ళా సదువప్పా" అన్నారు. చలపతి మళ్ళీ చదివాడు, ఈసారి తన సంగతి వదిలేసి.

"ఏమప్పా గంగులప్పా, మా అబ్బాజాన్ నేర్పిన విద్యను నువ్వు కాగితం మీద గీకి అబద్ధం అంటాండావా?"

"అబద్ధం అనలేదు ఉస్తాద్. సంబంధం కనిపించలేదు అని రాసినాను."

"యాడికి పోయిందది, కనిపించకుండా?" ఆయన గోదా మధ్యకు వచ్చి నా రెండు కాళ్ళనూ ఎద్దుల్ని చూసినట్టు చూశారు. "సరే. ఇవి రెండూ ఒగ తల్లి బిడ్డలే గదా. ఎడమ కాలు నాది. కుడి కాలు నీ పుస్తకానిది. నాలుగు వందల బస్కీలు తీయి. నా కాలిని నేను లాగతా. నీ కాలిని ఎవురూ ముట్టుకునేది లేదు. పరీక్ష అయినాక అందరి ముందరా చెప్పు, యాది నయమో. రెండూ ఒగటిగా నొచ్చినాయంటే ఈ గోదాకు ఆ పొద్దే తాళం. నేను పరుపులు కుట్టుకోని బతుకుతా."

"ఉస్తాద్, అంత మాట యాల?" అన్నాడు చలపతి.

"నక్కో, ఏమీ చెప్పొద్దు. మాట అయిపోయింది."

మామూలుగా మేము తీసేవి నూటయాభై. ఆ నొప్పి ఒకటిన్నర రోజులో దిగుతుందని నా డైరీ చెబుతోంది. పరీక్షకు రెండు రోజులుంది, కాబట్టి పరవాలేదని లెక్క వేశాను. నాలుగు వందలకు వేరే లెక్క ఉంటుందని, ఆ నొప్పి సరిగ్గా రెండో రోజుకే పండుతుందని నాకు తెలియదు. డైరీలో లేనిది లోకంలో లేదనుకునే వయసు అది. బస్కీలు అయ్యాక ఉస్తాద్ నా ఎడమ కాలిని ముప్పావు గంట సాగదీశారు. కొత్త పరుపుకు దారం బిగించేటప్పుడు కూడా అంత శ్రద్ధ పెట్టేవారు కాదు. కుడి కాలు పక్కన ఊరికే పడుకుని ఉంది. మరునాడు అవ్వ లెక్క తొమ్మిది. కుప్పంలో పరీక్ష రోజు పొద్దున సత్రం అరుగు మీద కూర్చోబోతూ నేనే లెక్కపెట్టుకున్నాను. పంతొమ్మిది.

గుడుపల్లె దారిలో ఎనిమిది మైళ్ళు పోయి, ఎనిమిది మైళ్ళు వెనక్కి రావాలి. అందరం గీత దగ్గర నిలబడ్డాం. ఈల వేసేలోపల వెనకనుంచి సైకిల్ గంట వినిపించింది. చూస్తే చలపతి తొక్కుతున్నాడు, వెనక క్యారియర్ మీద ఉస్తాద్ కూర్చుని ఉన్నారు. మొదటి బస్సుకు వచ్చి, అద్దె సైకిల్ తీసుకున్నారు. తన కాలు ఎలా నడుస్తుందో తన కళ్ళతో చూసుకోవడానికి వచ్చారు. నడక మొదలయ్యాక నాకు పది గజాల వెనక ఆ సైకిల్ తప్ప ఇంకేమీ లేదు. మిగతావాళ్ళంతా ముందుకు పోయారు. "సూడు చలపతీ, ఎడమది ఎట్లా పడతాండాదో. గుర్రం మాదిరి పడతాండాది" అని ఉస్తాద్ మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. కాసేపటికి జీపులో వస్తున్న అధికారి పక్కన ఆపించి, "ఎవరయ్యా మీరు? అభ్యర్థి వెంట ఎవరూ రాకూడదు" అన్నాడు.

"ఎడమ కాలు నాది సార్" అన్నారు ఉస్తాద్.

అధికారి నా ఎడమ కాలును చూశాడు, ఉస్తాద్‌ను చూశాడు, చలపతిని చూశాడు. చలపతి తనకు ఏ కాలూ లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. "దూరంగా రండి" అని మాత్రం చెప్పి ఆయన జీపు పోనిచ్చాడు.

ఆ దారి ఎక్కడా చదునుగా ఉండదు. ఎక్కేటప్పుడు తొడలు నన్ను క్షమించాయి. మొదటి దిగుడు రాగానే రెండు కాళ్ళూ ఒకేసారి, ఒకే గొంతుతో మొర పెట్టుకున్నాయి. తేడా లేదు. అప్పుడు అవ్వ మెట్లు గుర్తుకొచ్చాయి. వెనక్కి తిరిగి దిగడం మొదలుపెట్టాను. నొప్పి సగమైంది, వేగం పెరిగింది. మళ్ళీ వచ్చిన అధికారి ఆపి ఏదో అనబోతే, "ముందుకే నడవాలని కార్డులో లేదు సార్" అన్నాను. ఆయన కార్డు అడిగి తీసుకుని రెండు వైపులా చదివాడు. లేదు. ఆ విధంగా ఆ రోజు ప్రతి దిగుడులోనూ వెనక్కి నడిచాను. వెనక్కి నడిస్తే ఏమవుతుందంటే, పది గజాల దూరంలో ఉస్తాద్ ముఖం నా ముఖానికి ఎదురుగా ఉంటుంది.

అంతవరకు నేను ఆయన ముఖాన్ని అంతసేపు చూడలేదు. క్యారియర్ కమ్మీల మీద కుదుపులు తింటూ, తువ్వాలు మడిచి కిందేసుకుని, చలపతి పక్కనుంచి బయటికి వంగి, ఒక్క క్షణం కూడా తల ఎత్తకుండా నా ఎడమ కాలినే చూస్తున్నారు. మొదట్లో ఉన్న గుర్రం మాటలు తగ్గిపోయాయి. నాలుగో దిగుడులో ఆయన చూపు ఎడమ కాలినుంచి కుడి కాలికి, మళ్ళీ ఎడమకు పోవడం గమనించాను. రెండూ ఒకేలాగా పడుతున్నాయి. ఆ సంగతి నాకన్నా ముందు ఆయనకు తెలిసిపోయిందనుకుంటాను. కాళ్ళను చదవడం ఆయనకు ఉర్దూ కంటే బాగా వచ్చు. "నొప్పి ఉండాదా అప్పా?" అని అడిగారు. తాలీంలో అడిగే గొంతు కాదది. నేను ఊపిరి కూడదీసుకోవాలన్న సాకుతో జవాబు చెప్పలేదు. మా అబ్బాజాన్ విద్య అన్న మాట, గోదాకు తాళం అన్న మాట, రెండూ నా అడుగుల కింద పడుతూ లేస్తూ వచ్చాయి.

రెండు కాళ్ళూ సమానంగా నొప్పి పెట్టడంలో ఒక సుఖం ఉంది. మనిషి కుంటడు. ఒకటి నయంగా ఉండి ఉంటే ఏదో ఒక పక్కకు ఒరిగి ఎక్కడో కూలబడేవాణ్ణి. నిక్కచ్చిగా, రెండు కర్రల మీద నడిచే బొమ్మలా గీత దాటాను. నాలుగు గంటలకు ఇంకా మూడు నిమిషాలుంది. నా వెనక ఎవరూ లేరు, అద్దె సైకిల్ తప్ప. ఉస్తాద్ క్యారియర్ దిగడానికి నేనూ చలపతీ చెరో పక్కా పట్టుకోవాల్సి వచ్చింది. తిరుగు బస్సులో సీట్లున్నా ఆయన పుంగనూరు దాకా నిలబడే వచ్చారు.

మరునాడు తాలీంకు బయలుదేరే ముందే అవ్వ మెట్ల మీద పరీక్ష పెట్టింది. కుడి పదకొండు. ఎడమ పదకొండు. "ఎద్దుల జత మాదిరి ఉండాయిరా" అంది. డైరీ తెరిచి చాలాసేపు కూర్చున్నాను. తాలీంలో పాతిక మందీ వచ్చారు. ఉస్తాద్ గోడ పట్టుకుని, కాళ్ళు ఎడంగా వేసుకుంటూ లోపలికి వచ్చారు.

"నొప్పా ఉస్తాద్?" అని ఎవరో అడిగారు.

"లేదు" అన్నారు ఉస్తాద్. తరువాత నా ముందుకు వచ్చి నిలబడ్డారు. "చెప్పప్పా. యాది నయం?"

"ఎడమది నయం ఉస్తాద్."

"పుస్తకంలో ఏమి రాసినావు?"

చలపతికి డైరీ అందించాను. వాడు ముందు తన పేరు ఎక్కడా లేదని చూసుకుని చదివాడు. "కుడి పదకొండు. ఎడమ తొమ్మిది. లాగుడువల్ల గుణం కనిపించింది."

"రెండేనా తేడా?" అన్నారు ఉస్తాద్. ఆ రెండు కూడా ఎంత కష్టం మీద ఇచ్చానో ఆయనకేం తెలుసు అనుకున్నాను. అందరూ బస్కీలకు లేచారు. ఆయన నా భుజం మీద చేయి వేశారు. ఆశీర్వాదానికి కావలసిన దానికన్నా ఎక్కువ బరువే వేశారు, నిలబడడానికి ఆసరా కావాలి కదా. చెవి దగ్గరకు వంగి, "నలభై ఏండ్లుగా అందురూ నాకు లేదు లేదు అనే చెప్తాండారప్పా. నాకు తెలీదా, గోడ మలుపు తిరిగినాక ఎట్లా నడుస్తారో? నువ్వొగడే ఉంది ఉంది అని పానం తీస్తివి. ఈ పొద్దుకు నా శిష్యుడివి అయినావు" అన్నారు. ఆ తరువాత నన్ను గోదా పక్కన కూర్చోబెట్టి, లాగుడు చేయించారు. రెండు కాళ్ళకూ.

ఉద్యోగం వచ్చింది. ముప్ఫై నాలుగేళ్ళు అడవులు నడిచాను, దిగుళ్ళలో ఎవరూ చూడనప్పుడు వెనక్కి కూడా నడిచాను. తాలీంకు మాత్రం ఉస్తాద్ ఉన్నన్నాళ్ళూ తాళం పడలేదు. ఇప్పుడు మా నడక బృందంలో ప్రతివాళ్ళ చేతికీ ఒక గడియారం ఉంటుంది, ఎన్ని అడుగులు వేసిందీ అదే చెబుతుంది. గుట్ట దిగి రెండు నిమిషాలు సాగదీసి, ఎవరి కారు వాళ్ళు ఎక్కి పోతారు. ఆ రోజుల్లో లాగుడు పేరుతో పాతిక మందిమి అరగంట సేపు మట్టిలో కాళ్ళు చాపుకుని కూర్చునేవాళ్ళం. ఊళ్ళో సంగతులన్నీ అక్కడే తెలిసేవి, తగాదాలు అక్కడే తీరేవి, చలపతికి పెళ్ళి సంబంధం కూడా ఎవరి కాలో పట్టుకుని లాగుతుండగానే కుదిరింది. దానివల్ల నొప్పి తగ్గిందా అంటే, నా దగ్గర అంకెలున్నాయి, తగ్గలేదు. కాని ఆ అరగంట కోసమే మరునాడు మళ్ళీ నొప్పులతో లేచి పోయేవాళ్ళం.

లాస్య ఆ డైరీ రెండు రోజులు చదివింది. కాగితం మీద గీతలు కూడా గీసుకుంది. మూడో రోజు నా దగ్గరికి వచ్చి, "తాతా, అన్ని రోజులూ మా మేడం చెప్పినట్టే ఉండాది. ఈ ఒక్క రోజే తేడా. పదకొండు, తొమ్మిది. ఆ రోజు ఏం వేరేగా చేసినావు?" అని అడిగింది. చెప్పాను. యాభై ఏళ్ళ డైరీల్లో ఉన్న ఒకే ఒక్క అబద్ధాన్ని మూడు రోజుల్లో పట్టుకుంది పిల్ల, డాక్టరీకి పనికొస్తుంది. "అయితే కొట్టేసి సరిగ్గా రాయి తాతా" అని పెన్ను ఇచ్చింది. పెన్ను తీసుకున్నాను, కళ్ళజోడు పెట్టుకున్నాను, ఆ తొమ్మిదిని కాసేపు చూశాను. పెన్ను మూత పెట్టి ఇచ్చేశాను. "నీ క్లాసులో మాత్రం పదకొండు అని చెప్పుకో" అన్నాను.

నిన్న మళ్ళీ గుట్ట ఎక్కి దిగాను. దిగాక గోడ దగ్గర నిలబడి, రెండు కాళ్ళనూ, ముందు ఎడమదాన్ని, పద్ధతిగా సాగదీశాను. ఈ పొద్దున నేను కుర్చీలోకి దిగుతుంటే లాస్య గుమ్మంలో నిలబడి, పెదవులు కదులుతున్నాయి గాని శబ్దం రాకుండా లెక్కపెడుతోంది. అవ్వ పోలిక.

"నొప్పి ఉండాదా తాతా?"

"లేదు" అన్నాను. తరువాత గుమ్మం మెట్లు దిగి చూసుకుని, డైరీలో మాత్రం ఉన్నది ఉన్నట్టు రాశాను. ఎడమ ఎనిమిది, కుడి ఎనిమిది.